కారు ఏసీలో కరెంటు లోపం: టెస్ట్ ల్యాంపా, మల్టీమీటరా, స్కానరా?

ఎండలు ముదిరాయంటే ఏసీ షెడ్డుల్లో ఎక్కువగా వినిపించే మాట, “గ్యాస్ అయిపోయింది సార్, కొట్టిస్తే సరిపోతుంది.” పెట్రోలు అయిపోయినట్టు ఏసీ గ్యాస్ అయిపోదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పోవడం మామూలే గానీ, నిరుడు నింపించింది ఈ ఏడు లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇంకో సంగతి, గ్యాస్ నిండుగా ఉండి కూడా ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్), ఒక తుప్పు పట్టిన ఎర్త్ వైరు, ఎలుక కొరికిన ఒక వైరు వల్ల ఏసీ పనిచేయని బండ్లు బోలెడు. వాటికి గ్యాస్ తీసి మళ్లీ నింపినా డబ్బు పోతుందే తప్ప లోపం పోదు.

అందుకే గ్యాస్ ప్రెషర్ చూసే గేజీలు తగిలించే ముందే కరెంటు చూడాలి. పైపు విప్పక్కర్లేదు, చాలా లోపాలు పది పదిహేను నిమిషాల్లో బయటపడతాయి. అయితే దేనితో చూడాలి, మనమే చూసుకోవాలా, ఎవరికి చూపించాలి, పాడైన పార్టు బాగు చేయించాలా, కొత్తది వేయించాలా అన్న దగ్గర చాలామంది తికమక పడతారు. ఈ పోలిక దాని కోసమే. ఎక్కువగా మాట్లాడేది 12 వోల్టుల మాగ్నెటిక్ క్లచ్ కంప్రెసర్ ఉన్న పెట్రోలు, డీజిల్ బండ్ల గురించి. మన రోడ్ల మీద తిరిగే హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ భాగం ఇవే. క్లచ్ లేని కంప్రెసర్లు, ఎలక్ట్రిక్ కార్ల గురించి చివర్లో చెబుతాను.

ఏ పరికరమూ కొనకముందు

బండి స్టార్ట్ చేసి, ఏసీ ఆన్ చేసి, బ్లోయర్ రెండో నంబరులో పెట్టి బానెట్ ఎత్తండి. కంప్రెసర్ పుల్లీ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. పుల్లీకి ముందు ఉండే ప్లేటు తిరుగుతోందా లేదా అన్నదే లెక్క. ఏసీ వేయగానే లోపలి కాయిల్ అయస్కాంతంలా మారి ప్లేటుని లాగుతుంది, టక్ మని చప్పుడొచ్చి ప్లేటు పుల్లీతో కలిసి తిరగాలి. ఈ ఏర్పాటునే క్లచ్ అంటారు. చున్నీలు, వదులు చొక్కా చేతులు బెల్టుకి దూరంగా ఉంచండి. రేడియేటర్ ఫ్యాన్ దగ్గర చేయి పెట్టొద్దు, అది ఏ క్షణానైనా తిరగొచ్చు.

ఇక్కడ కనిపించినదాన్ని బట్టే తర్వాతి దారి.

లోపల గాలే రాకపోతే, లేదా ఒక్క స్పీడులోనే వస్తుంటే, కంప్రెసర్ జోలికి అసలు వెళ్లక్కర్లేదు. అది బ్లోయర్ సంగతి. మాన్యువల్ ఏసీ బండిలో చివరి నంబరు మాత్రమే పనిచేసి, తక్కువ స్పీడులు పనిచేయట్లేదంటే బ్లోయర్ రెసిస్టర్ పోయినట్టే అనుకోవచ్చు. ఎందుకంటే చివరి స్పీడుకి కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోదు, నేరుగా మోటారుకి పోతుంది. ఏ స్పీడూ లేకపోతే ఫ్యూజు, రిలే, స్విచ్, మోటారు, ఎర్త్ అన్నీ అనుమానించాల్సినవే. డ్యాష్‌బోర్డు కింద మోటారు మీద చిన్నగా తడితే తిరగడం మొదలుపెట్టిందా, మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగాయి.

గాలి బాగానే వస్తూ ప్లేటు తిరగకపోతే క్లచ్ సర్క్యూట్ చూడాలి. ఈ రాతలో సగం దీని గురించే.

ప్లేటు తిరుగుతూ, హైవే మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే ముందు కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ చూడండి. బండి కదిలేటప్పుడు ఎదురుగాలి కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో వేడి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే చల్లదనం అంటే గ్యాస్ కన్నా ముందు ఫ్యాన్ మీదే నా అనుమానం.

నాలుగోది కొంచెం చిక్కుది. మొదట బాగా చల్లగా వచ్చి, అరగంట పోయాక ఆగిపోతుంది. అప్పుడు ఒక్క విషయం గమనించండి. గాలి జోరే తగ్గిపోయిందా, జోరు అలాగే ఉండి చల్లదనం మాత్రమే పోయిందా? జోరు తగ్గితే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. కాయిల్ వేడిని చూసి కంప్రెసర్‌ని ఆపాల్సిన థర్మిస్టర్ తన పని చేయట్లేదన్నమాట. గ్యాస్ తక్కువైనా, క్యాబిన్ ఫిల్టర్ మూసుకుపోయినా మంచు పట్టొచ్చు కాబట్టి ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి. జోరు తగ్గకుండా చల్లదనమే పోతే వేడెక్కిన క్లచ్ వదిలేస్తోందని అనుమానించాలి.

టెస్ట్ ల్యాంపు: చవకైనదే, కానీ అబద్ధం తక్కువ

ఒక చివర మొన, ఇంకో చివర క్లిప్పు, మధ్యలో చిన్న బల్బు. ధర రెండు మూడు వందల లోపే. ఇంట్లో స్విచ్‌బోర్డుకి వాడే నియాన్ స్క్రూడ్రైవర్ టెస్టర్ 12 వోల్టులకి వెలగదు, దాన్ని తెచ్చి ఫ్యూజులన్నీ పోయాయనుకునేవాళ్లూ ఉన్నారు.

ల్యాంపు గొప్పతనం ఏమిటంటే అది వెలగాలంటే కరెంటు నిజంగా పారాలి. 5 వాట్ల బల్బు దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. వైరు తెగి చివరలు తుప్పుతో అంటీ అంటనట్టు ఆనుకుని ఉన్నా, కప్లర్‌లో (వైర్లు కలిపే ప్లాస్టిక్ జోడులో) పచ్చటి తుప్పు దట్టంగా పేరుకున్నా, ల్యాంపు మసగ్గా వెలుగుతుంది లేదా అసలు వెలగదు. అదే డిజిటల్ మీటరు పెడితే, దాని లోపలి నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు కాబట్టి, కరెంటు దాదాపు పారనే పారదు. అలాంటి వైరులోనూ 12 వోల్టులు చూపిస్తుంది. “కరెంటు వస్తోంది, కంప్రెసరే పోయింది” అని కొత్త కంప్రెసర్ బిల్లు వేసే సందర్భాల్లో కొన్ని ఇలా పుట్టినవే.

క్లచ్ కప్లర్ ఊడదీసి, బండి నుంచి వచ్చే వైపున రెండు పిన్నుల మధ్య ల్యాంపు పెట్టండి. ఏసీ ఆన్‌లో ఉండాలి. బాగా వెలిగితే ప్లస్, ఎర్త్ రెండూ ఒకే దెబ్బకి తేలినట్టే. వెలగకపోతే ఎర్త్ పిన్ను మీదున్న ల్యాంపు చివరని బ్యాటరీ మైనస్‌కి మార్చి చూడండి. ఇప్పుడు వెలిగిందంటే ప్లస్ బాగుంది, ఎర్త్ తెగింది. అప్పటికీ వెలగకపోతే ప్లస్సే రావట్లేదు, వెనక్కి రిలే వైపు నడవాలి. కొన్ని బండ్లలో క్లచ్‌కి ఒక్కటే వైరు ఉంటుంది, ఎర్త్ కంప్రెసర్ బాడీ ద్వారా అందుతుంది. అక్కడ రెండో చివరని కంప్రెసర్ బాడీకే తగిలించాలి.

ల్యాంపు వాడకూడని చోట్లు మూడు. మూడు వైర్లున్న ప్రెషర్ సెన్సర్, ఇంజిన్ కంప్యూటర్‌కి వెళ్లే సన్న వైర్లు, పసుపు కప్లర్లున్న ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. మొదటి రెండింటిలో సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉంది, మూడోదానిలో ఎయిర్‌బ్యాగ్ పేలొచ్చు. ఈ చోట్లలో ల్యాంపు ఎంత చవకైనా పక్కన పెట్టాల్సిందే. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గరైతే మీటరు కూడా పెట్టొద్దు.

మల్టీమీటరు: సరిగ్గా వాడితేనే

ల్యాంపుకీ ఒక గుడ్డితనం ఉంది. వైరు పూర్తిగా తెగలేదు, ఎర్త్ దగ్గర కొంచెం తుప్పు, అంతే అనుకోండి. క్లచ్ కాయిల్ నిరోధం చాలా బండ్లలో 3 నుంచి 5 ఓమ్‌ల మధ్య ఉంటుంది. 3.5 ఓమ్‌ల కాయిల్ 12 వోల్టులకి దాదాపు మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో తుప్పు వల్ల ఒక్క ఓమ్ అడ్డు చేరితే కరెంటు 2.7 ఆంపియర్లకి పడిపోతుంది, కాయిల్‌కి అందేది తొమ్మిదిన్నర వోల్టుల లోపే. క్లచ్ పట్టీపట్టనట్టు పట్టి జారుతుంది, కాలిన వాసన వస్తుంది. అదే చోట ల్యాంపు పెడితే దాని 0.4 ఆంపియర్లకి ఆ ఓమ్ దగ్గర పోయేది అర వోల్టు కూడా కాదు. కంటికి బల్బు మామూలుగానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఇక్కడ మీటరే గెలుస్తుంది. షరతు ఒక్కటే, కప్లర్ తగిలించి, కాయిల్ కరెంటు లాగుతుండగా కొలవాలి. మీటరు డీసీ 20 వోల్టుల స్కేలులో పెట్టి, నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబు కప్లర్ వెనక నుంచి కాయిల్ ఎర్త్ పిన్ను మీద ఉంచి ఏసీ వేయండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే అంత మేరకు కరెంటు దారిలోనే పోతోంది. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి, బ్యాటరీ ప్లస్‌కీ కాయిల్ ప్లస్ పిన్నుకీ మధ్య. ఒకేసారి రిలే మీద 30, 87 అని అంకెలున్న పిన్నుల మధ్య కూడా చూడండి. రిలే టక్ మన్నంత మాత్రాన లోపలి పాయింట్లు బాగున్నట్టు కాదు. చప్పుడు దాని కాయిల్‌ది, కరెంటు మోసేది పాయింట్లు. పాయింట్లు నల్లబడి ఉంటే చప్పుడు వస్తుంది, క్లచ్‌కి మాత్రం సరిపడా కరెంటు అందదు.

కాయిల్ ఓమ్‌లు కొలిచేటప్పుడు కప్లర్ ఊడదీయాలి. చవక మీటరు ప్రోబు వైర్లకే 0.3 ఓమ్ వరకు ఉండొచ్చు, మొనలు రెండూ ఆనించి ఎంత చూపిస్తే అంత తీసేయండి. మూడు ఓమ్‌లు కొలిచే చోట ఆ తేడా పెద్దదే. ఇంకో చిట్కా, చల్లటి ఇంజిన్ మీద బాగున్న కాయిల్ వేడిలో తెగొచ్చు. తెగకపోయినా రాగి నిరోధం వేడితో పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం. 25 డిగ్రీల దగ్గర 3.5 ఓమ్‌లున్న కాయిల్ 100 డిగ్రీలకి 4.5 ఓమ్‌లు దాటుతుంది. అంత మేరకు అయస్కాంతం బలం తగ్గుతుంది. ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ బలం చాలు. అరిగి అరిగి సందు దాదాపు మిల్లీమీటరు అయిపోతే చల్లగా ఉన్నప్పుడు పట్టిన క్లచ్ వేడెక్కాక పట్టదు.

అరగంట తర్వాత ఆగిపోయే ఏసీలో చాలాసార్లు కథ ఇదే. ప్లేటు విప్పి లోపలున్న పల్చటి షిమ్ వాషర్ ఒకటి తీసేస్తే సందు తగ్గుతుంది. ఆగిపోయిన సమయంలో చెక్క కర్రతో దూరం నుంచి ప్లేటుని మెల్లగా నెట్టి, పడితే సందుదే తప్పు అని తేల్చే మెకానిక్కులున్నారు. తిరుగుతున్న బెల్టు పక్కన ఆ పని ఇంట్లో చేయొద్దని నా సలహా. ఇంజిన్ ఆపి ఫీలర్ గేజీతో సందు కొలిస్తే సరి.

మీటరుకి ఇంకో పని థర్మిస్టర్. దాన్ని బయటికి తీసి, గది వేడిలో ఓమ్‌లు చూసి, గ్లాసులో ఐసు ముక్కలు వేసిన నీళ్లలో ముంచండి. చల్లబడే కొద్దీ ఓమ్‌లు ఆగకుండా పెరగాలి. అంకె కదలకపోయినా, ఎగిరెగిరి పడినా మార్చేయండి.

క్లాంప్ మీటరు అందరికీ అక్కర్లేదు. బ్లోయర్ రెసిస్టర్ ఏడాదికోసారి కాలిపోతున్నవాళ్లకి మాత్రం అదే సరైన పరికరం. మోటారు బేరింగు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగుతుంటే రెసిస్టర్ ఎన్ని మార్చినా కాలుతూనే ఉంటుంది. ఒకటే జాగ్రత్త, ఇంటి వైరింగుకి వాడే చవక క్లాంప్ మీటర్లు చాలావాటిలో వైరు చుట్టూ పెట్టి కొలిచేది ఇంట్లో వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంటు మాత్రమే. కారులో పారేది డీసీ, అంటే డైరెక్ట్ కరెంటు. పెట్టె మీద డీసీ ఆంపియర్లు అని స్పష్టంగా ఉంటేనే కొనండి, ధర కొన్ని వేలు పలుకుతుంది. కొనడం కన్నా, మీటరున్న ఎలక్ట్రీషియన్‌కి ఒకసారి చూపించడం నయం.

స్కానరు: ఎప్పుడు మొదట, ఎప్పుడు చివర

కుర్రకారు ఇప్పుడు ముందు కొనేది బండి కంప్యూటర్ పోర్టుకి తగిలించే బ్లూటూత్ ఓబీడీ డాంగిలే. ఫోనులో యాప్ వేసుకుంటే సరిపోతుంది, చేతికి మట్టి అంటదు. దాని పరిధి తెలిస్తే అది మంచి వస్తువే. చవక డాంగిల్ ఇంజిన్ కంప్యూటర్ కోడ్లు చదువుతుంది. ఏసీ కంట్రోల్ యూనిట్ విడిగా ఉన్న బండ్లలో దాని కోడ్లు చాలావరకు కనపడవు. దానికి ఆ కంపెనీ బండ్లని లోతుగా చదివే స్కానరు కావాలి, అది షెడ్డుల్లోనే ఉంటుంది.

ఇంజిన్ కోడ్లలో ఏసీకి సంబంధించినవి కొన్ని గుర్తుపెట్టుకోదగ్గవే. పి0645 అంటే ఏసీ క్లచ్ రిలేని నడిపించే సర్క్యూట్. పి0532 అంటే గ్యాస్ ప్రెషర్ సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువ, పి0533 అంటే మరీ ఎక్కువ. పి0480 మొదటి కూలింగ్ ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్. కోడ్ వచ్చిందంటే ఆ పార్టు పోయిందని అర్థం కాదు, ఆ సర్క్యూట్‌లో ఎక్కడో తేడా ఉందని. పి0532 చూసి సెన్సర్ కొంటే, అసలు తప్పు ఎలుక కొరికిన వైరుదని తర్వాత తేలొచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లారులో పెట్టే బండ్లకి ఇది మరీ మామూలు.

కోడ్ల కన్నా నాకు ఎక్కువ నచ్చేది లైవ్ డేటా, అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు చూపించే అంకెలు. స్కానరు చూపిస్తే రెండు వరుసలు వెతకండి, ఏసీ రిక్వెస్ట్ (మనం ఏసీ అడిగామని కంప్యూటర్‌కి అందిందా), ఏసీ రిలే కమాండ్ (రిలేని పట్టమని కంప్యూటర్ చెప్పిందా). స్విచ్ నొక్కినా రిక్వెస్ట్ ఆఫ్‌లోనే ఉంటే తప్పు డ్యాష్‌బోర్డు వైపు, అంటే స్విచ్, థర్మిస్టర్, బ్లోయర్ వైపు ఉంది. రిక్వెస్ట్ ఆన్ అయి కమాండ్ ఆఫ్‌లో ఉంటే కంప్యూటరే ఏదో కారణంతో వద్దంటోంది. ఇంజిన్ బాగా వేడెక్కినా, గ్యాస్ ప్రెషర్ మరీ తక్కువో ఎక్కువో కనిపించినా, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా అది కావాలనే ఏసీ ఆపుతుంది. రెండూ ఆన్ అయి ప్లేటు తిరగకపోతే తప్పు బానెట్ కిందే. రిలే, ఫ్యూజు, వైరు, కాయిల్ చూస్తే చాలు, డ్యాష్‌బోర్డు విప్పనివ్వొద్దు. డ్యాష్‌బోర్డు ఒకసారి విప్పితే తర్వాత వచ్చే కిరకిరలు ఓ పట్టాన పోవు.

గ్యాస్ ప్రెషర్ కూడా అక్కడే కనిపిస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, కారు ఏసీల్లో వాడే ఆర్134ఏ గ్యాస్ ప్రెషర్ బయటి వేడిని బట్టి ఉంటుంది. 30 డిగ్రీలకి దాదాపు 97 పీఎస్ఐ, 35కి 114, 40కి 133. స్కానరులో 10, 15 అని చూపించి, మెకానిక్ తగిలించిన గేజీ 110 చూపిస్తే సెన్సరో, దాని వైరో అబద్ధం చెబుతోంది. రెండూ పది చూపిస్తే నిజంగానే గ్యాస్ లేదు, ఈసారి మెకానిక్ మాటే నిజం. రెండూ సరిగ్గా ఉన్నా గ్యాస్ పూర్తిగా ఉందని మాత్రం అనుకోకండి. లోపల కొంచెం ద్రవం మిగిలినా ఆగి ఉన్నప్పటి ప్రెషర్ అంతే చూపిస్తుంది. ఎంత ఉందో తేలాలంటే మొత్తం బయటికి తీసి తూచాల్సిందే.

ఒక పొరపాటు వైద్యం గురించి ఇక్కడే చెప్పాలి. ప్రెషర్ స్విచ్ కప్లర్ తీసి రెండు పిన్నుల మధ్య వైరు ముక్క పెట్టి క్లచ్ పట్టించి చూడటం పాత పద్ధతి. రెండు వైర్ల స్విచ్ ఉన్న పాత బండిలో, గ్యాస్ ఉందని తెలిశాక, రెండు మూడు సెకన్లు చేస్తే తప్పు లేదు. అలాగే వదిలేసి బండి ఇచ్చేస్తే గ్యాస్ లేని రోజున కంప్రెసర్ నూనె అందక బిగుసుకుపోతుంది. మూడు వైర్ల సెన్సర్‌లో అసలు చేయకూడదు. అందులో ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. 5 వోల్టుల లైను ఎర్త్‌కి తగిలితే అదే లైను వాడుకునే వేరే సెన్సర్లు కూడా ఆగి, ఇంజినే ఆగిపోవచ్చు.

మరి ఏది కొనాలి

పాత మాన్యువల్ ఏసీ బండికి, ఒక టెస్ట్ ల్యాంపు, ఒక మామూలు మల్టీమీటరు చాలు. ఒకటే కొంటానంటే మీటరే కొనండి, దానితోపాటు పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించుకుంటే ల్యాంపు కూడా వచ్చినట్టే. ఆ బండికి స్కానరు చివరి మాట. ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉన్న బీఎస్6 బండికి వరుస తిరగబడుతుంది. అక్కడ ముందు స్కానరు, తర్వాతే మీటరు. వైరు వెంట వైరు వెతికితే రోజు గడిచిపోతుంది.

క్లచ్ లేని వేరియబుల్ కంప్రెసర్ల సంగతి వేరే. యూరప్ కంపెనీల బండ్లలో ఇవి ఎక్కువ. పుల్లీ ఎప్పుడూ కంప్రెసర్‌ని తిప్పుతూనే ఉంటుంది, టక్ చప్పుడు ఉండదు, లోపలి కంట్రోల్ వాల్వ్‌కి కంప్యూటర్ కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ చల్లదనం పెంచుతుంది, తగ్గిస్తుంది. ల్యాంపు వెలగడం, వెలగకపోవడం ఇక్కడ ఏమీ తేల్చదు. మీటరు చూపించే వోల్టేజీ సగటు మాత్రమే. దీన్ని సరైన స్కానరున్న చోటికే తీసుకెళ్లండి. “క్లచ్ పట్టట్లేదు” అని చెప్పే షెడ్డులో అలాంటి బండి వదిలితే టెన్షనే.

ఎవరికి చూపించాలి

ఆటో ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్, కంపెనీ సర్వీస్ సెంటర్. వారంటీ ఉంటే ఆలోచన అక్కర్లేదు, సర్వీస్ సెంటరే. బయట ఒక వైరు కోయించినా ఆ సాకుతో క్లెయిమ్ ఆపేయొచ్చు. వారంటీ దాటితే నా ఎంపిక లక్షణాన్ని బట్టి మారుతుంది. ఫ్యూజు ఎగరడం, బ్లోయర్, ఫ్యాన్, క్లచ్‌కి కరెంటు అందకపోవడం వరకు మంచి ఆటో ఎలక్ట్రీషియన్ మేలు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట రిలే పాయింట్లు విప్పి చూపించగల పాతకాపులు దొరుకుతారు. సర్వీస్ సెంటర్లో ఎక్కువగా పార్టు మార్చడమే తప్ప పార్టు బాగు చేయడం ఉండదు. ఏసీ మెకానిక్ దగ్గరికి గ్యాస్, లీకు, కంప్రెసర్ లోపలి పనికే వెళ్లండి. గ్యాస్ నింపేటప్పుడు బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన గ్రాములు తూచి నింపే మిషను ఉన్న చోటే నింపించండి.

ఎలక్ట్రీషియన్ మంచివాడో కాదో తెలియడానికి ఒక గుర్తు చెబుతాను. ఫ్యూజు పదే పదే ఎగురుతుంటే ఇంకాస్త పెద్ద ఫ్యూజు వేసేవాడి దగ్గర బండి పెట్టొద్దు. పని తెలిసినవాడు ఫ్యూజు స్థానంలో హెడ్‌లైట్ బల్బు కలిపి, అది పూర్తిగా వెలుగుతుంటే వైర్లు ఒక్కొక్కటీ కదిపి, ఒక్కో కప్లర్ ఊడదీస్తూ పోతాడు. బల్బు ఎక్కడ మసకబారితే షార్టు అక్కడ. కాయిల్‌కి పక్కన ఉండే చిన్న డయోడ్ షార్టైనా ఏసీ నొక్కగానే ఫ్యూజు ఎగురుతుంది. దానికి కంప్రెసర్ మార్చాల్సిన పని లేదు.

వైరు అతుకు ఎలా వేస్తున్నాడో కూడా చూడండి. మెలిపెట్టి నల్ల టేపు చుడితే ఇంజిన్ వేడికి ఆ జిగురు కారిపోయి టేపు జారుతుంది. టంకం వేసి హీట్‌ష్రింక్ గొట్టం తొడగాలి, లేదా సరైన క్రింప్ వేయాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో నీళ్లలో నిలిచిన బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతుంటాయి. అలాంటి బండిలో ఏసీ ఉండి ఉండి ఆగుతుంటే ఒక్కో పార్టు మార్చుకుంటూ పోవడం దండగ, ముందు కప్లర్లన్నీ విప్పించి పచ్చ తుప్పు చూపించుకోండి.

పార్టు మార్చాలా, మొత్తం మార్చాలా

కాయిల్ కాలితే కొత్త కంప్రెసర్ అవసరం లేదు. క్లచ్ మొత్తం గ్యాస్ ఉండే భాగానికి బయట ఉంటుంది. చేయి పట్టేంత చోటుంటే కంప్రెసర్ దించకుండా, గ్యాస్ తీయకుండా కాయిల్ మార్చొచ్చు. అలాంటి పనికి బిల్లులో గ్యాస్ డబ్బు వేస్తే ఎందుకని అడగండి. కాయిల్ ఒక్కటే దొరికినా, పుల్లీ బేరింగు చప్పుడు చేస్తుంటే కాయిల్, పుల్లీ, ప్లేటు కలిపి సెట్టు వేయించుకోండి, కూలి ఒకటే. కంప్రెసర్ మొత్తం మార్చాల్సింది షాఫ్టు చేత్తో తిరగనంత బిగుసుకున్నప్పుడు, గొట్టాల్లో లోహపు పొడి కనిపించినప్పుడు. ఆ పొడి కనిపించాక గొట్టాలు కడగకుండా, తేమ పీల్చే డ్రయర్ మార్చకుండా కొత్త కంప్రెసర్ వేస్తే అదీ ఎక్కువ రోజులు నిలవదు.

సెకండ్ హ్యాండ్ పార్టుల్లో బ్లోయర్ స్విచ్, ఫ్యాన్ కవచం లాంటివి ధైర్యంగా తీసుకోవచ్చు. రిలే, ప్రెషర్ సెన్సర్, థర్మిస్టర్ కొత్తవే కొనండి, ఆదా అయ్యేది పెద్దగా ఉండదు. బ్లోయర్ రెసిస్టర్ మీద ఉండే వేడి ఫ్యూజుని దాటించి వైరు ముక్క అతికే వాళ్లుంటారు. స్పీడులు వస్తాయి, కానీ మోటారు బిగుసుకున్న రోజున డ్యాష్‌బోర్డు కింద మంట అంటుకోవచ్చు. ఇందులో బేరం వద్దు.

ఎలక్ట్రిక్ కార్లలో ఏసీ కంప్రెసర్ నేరుగా పెద్ద బ్యాటరీ మీద నడుస్తుంది. ఇక్కడ 12 కాదు, వందల వోల్టులు. నారింజ రంగు తొడుగున్న కేబుళ్లని మీరూ ముట్టుకోవద్దు, శిక్షణ లేని మెకానిక్‌నీ ముట్టుకోనివ్వొద్దు. బలమైన హైబ్రిడ్లలోనూ చాలావరకు ఇంతే. నూనె కూడా వేరే రకం, కరెంటు పారనివ్వనిది, మామూలు కంప్రెసర్ నూనె కొంచెం కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. అయితే బ్లోయర్, దాని ఫ్యూజు, లోపలి సెన్సర్లు చాలా వీటిలోనూ 12 వోల్టులవే. గాలి రాకపోవడమే మీ బాధైతే ఎలక్ట్రిక్ కారుకి కూడా ముందు ఫ్యూజు బాక్సే తెరవండి.

బండి తీసుకునేటప్పుడు పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద చూసి డబ్బు కట్టేయకండి. మధ్యాహ్నం ఎండలో, ఆగి ఉన్న బండిలో అరగంట ఏసీ నడిపించి, ప్లేటు పడుతూ వదులుతూ ఉందో, ఫ్యాన్ తిరుగుతోందో బానెట్ ఎత్తి చూడండి. మార్చిన పాత రిలే, పాత కాయిల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి. కాయిల్ మీద మీటరు పెడితే మూడున్నర ఓమ్‌లు చూపించిందా, అది పోయిన కాయిల్ కాకపోవచ్చు, మళ్లీ వెళ్లి మాట్లాడాల్సిన పని ఉంది.